పిల్లల్ని హాస్టల్లో దింపి వచ్చిన తల్లిదండ్రులకు

అందరికీ నమస్తే. మన దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి పిల్లలు హైదరాబాద్ కాలేజీల్లో కొత్తగా చేరారు కదా, అందుకే ఈ మెసేజ్.

ఫోన్ ఎత్తగానే మార్కులు, అటెండెన్స్ అడగకండి. "ఇయ్యాల ఏం తిన్నవ్ బిడ్డా? రూమ్ల పిల్లలు మంచిగ మాట్లాడుతున్నరా?" అని అడగండి. అసలు సంగతి అప్పుడే బయటికొస్తుంది. మొదట్లో ఇల్లు గుర్తొచ్చి ఏడవడం మామూలే. "ఇంత ఫీజు కట్టినం, ఏడుస్తవేంది?" అన్నామంటే ఆ పిల్ల ఇంకోసారి మనకు చెప్పదు. తెలుగు మీడియం పిల్లలకైతే క్లాసులో ఇంగ్లిష్ అర్థంకాని టెన్షన్ వేరే. చుట్టాల పిల్లలతో పోల్చి దాన్ని పెంచవద్దు, దయచేసి.

రెండు వారాలైనా సరిగా నిద్రపోకుండా, తినకుండా, ఎవరితోనూ కలవకుండా ఉంటే దసరా సెలవుల దాకా ఆగకండి. డాక్టర్‌కు చూపించండి. "నేనుండి ఏం లాభం" అనే మాట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా చూడొద్దు, వెంటనే బస్సెక్కండి. వెళ్లేలోపు పిల్లను ఒంటరిగా ఉంచొద్దని వార్డెన్‌కు చెప్పండి.

మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబర్ 14416. ప్రభుత్వానిదే, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. తల్లిదండ్రులు కూడా చేయొచ్చు. పిల్లల ఫోన్లో ఈ రోజే సేవ్ చేయించండి.