బండేల్ ఎందుకంటే... (ప్రధానోపాధ్యాయిని ఉత్తరం)

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవులు అయిపోయాయి, బడి మళ్ళీ గాడిలో పడింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని ఈసారి కోల్‌కతాకి ఎగువన, హుగ్లీ ఒడ్డున ఉన్న బండేల్ తీసుకెళ్తున్నాం అని నోటీసు పంపిన దగ్గర్నుంచి ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. "దీఘా బీచ్ అయితే పిల్లలు సరదా పడతారు కదా మేడం" అని కొందరు, "బండేల్‌లో చర్చి తప్ప ఏముంది" అని కొందరు. ఒక నాన్నగారైతే, "నేను రైల్వే డ్యూటీ మీద ఆ యార్డులో ఎన్ని రాత్రులు గడిపానో, అక్కడ చూడ్డానికేం లేదండీ" అని తేల్చేశారు. విడివిడిగా ఫోన్లో చెప్పే కన్నా ఈ నెల ఉత్తరంలో అందరికీ కలిపి రాస్తే మేలనిపించింది.

మన ఖరగ్‌పూర్ పిల్లల్ని "మీ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టింది?" అని అడిగి చూడండి. "జంక్షన్ కాబట్టి" అంటారు. నిజమే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ లైన్లు కలపకపోతే నింపురా లేదు, మథురాకాటి లేదు, గోల్‌బజార్ లేదు, మన తాతలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఇక్కడికి వచ్చేవాళ్ళూ కారు. మన ఊరిని ఒకే ఒక్క కారణం పుట్టించింది. బండేల్‌ని మాత్రం మొదట నది పెంచింది, ఆ నదే చెయ్యి వదిలేసింది, రెండు వందల ఏళ్ళ తర్వాత రైలు వచ్చి మళ్ళీ నిలబెట్టింది. ఒక ఊరు ఎలా బతుకుతుందో, ఎలా చితుకుతుందో, మళ్ళీ ఎలా లేస్తుందో ఒక్క రోజులో చూపించాలంటే మనకి ఇంత దగ్గర్లో ఇంతకన్నా మంచి చోటు నాకు తోచలేదు.

నది సంగతి ముందు. పదహారో శతాబ్దంలో బెంగాల్ వ్యాపారమంతా సాత్‌గావ్ రేవు చుట్టూ తిరిగేది. ఇప్పటి బండేల్‌కి కాస్త ఎగువన, సరస్వతి నది ఒడ్డున ఉండేది. పోర్చుగీసువాళ్ళు దాన్ని చిన్న రేవు అని, చిట్టగాంగ్‌ని పెద్ద రేవు అని పిలిచేవారు. సరస్వతి మెల్లగా పూడిపోతూ వచ్చింది. ఓడ అడుగు ఇసుకకి తగిలే చోట ఏ వ్యాపారీ ఉండడు కదా. 1580 ప్రాంతంలో అక్బరు అనుమతితో వాళ్ళు పక్కనే లోతుగా పారుతున్న హుగ్లీ ఒడ్డుకి మారారు. అలా హుగ్లీ పట్నం లేచింది, దాన్ని అంటుకునే బండేల్. నూలు, పట్టు, ఉప్పు, బియ్యం, ఇంకా మలక్కా నుంచి వచ్చే సుగంధ ద్రవ్యాలు, అన్నీ ఇక్కడ చేతులు మారేవి. 1599లో చర్చి కట్టారు. బెంగాల్‌లో ఇప్పటికీ నడుస్తున్న అత్యంత పాత చర్చిల్లో ఇది ఒకటి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి, ఎందుకంటే గైడ్లు దీన్ని దాటేస్తారు. ఆ కాలపు పోర్చుగీసు వ్యాపారుల్లో కొందరు సరుకుతో పాటు మనుషుల్నీ అమ్మారు. అరకాన్ (ఇప్పటి మయన్మార్ తీరం) దోపిడీదారులతో చేతులు కలిపి తూర్పు బెంగాల్ పల్లెల మీద పడి, దొరికినవాళ్ళని బానిసలుగా ఎత్తుకుపోయేవారు. 1632లో షాజహాన్ ఆజ్ఞ మీద బెంగాల్ సుబేదారు (మొగలుల గవర్నరు) కాసిం ఖాన్ సేనలు హుగ్లీని ముట్టడించడానికి ఇదొక కారణం. తండ్రి మీద తిరగబడ్డ రోజుల్లో పోర్చుగీసువాళ్ళు తనకి సాయం చెయ్యలేదన్న కోపం షాజహాన్ మనసులో ఉండనే ఉంది. మూడు నెలల ముట్టడి తర్వాత ఊరు పడిపోయింది. చర్చి తగలబడింది. వేలమందిని బందీలుగా ఆగ్రాకి నడిపించారు. ఎత్తుకుపోయినవాళ్ళే ఇప్పుడు ఎత్తుకుపోబడ్డారు. పిల్లలు ఈ రెండు వైపులూ తెలుసుకునే చర్చి గుమ్మం తొక్కాలని మా సోషల్ మాస్టారి పట్టుదల, నాదీ అదే.

ఆ తర్వాత వచ్చే కథ మీలో చాలామంది వినే ఉంటారు. ఆగ్రాలో జోవావ్ ద క్రూజ్ అనే ఫాదర్‌ని మదించిన ఏనుగు ముందు పడేశారట. అది తొక్కకుండా మోకరిల్లి, ఆయన్ని తొండంతో ఎత్తి వీపు మీద కూర్చోబెట్టుకుందట. పాదుషా ఆశ్చర్యపోయి బందీల్ని వదిలేసి, చర్చికి 777 బిఘాల (బిఘా అంటే అక్కడి భూమి కొలత) భూమి ఇచ్చాడని చెప్తారు. మన గజేంద్రుడి కథలు విన్న పిల్లలకి ఇది బాగానే నచ్చుతుంది, అందులో సందేహం లేదు. కానీ క్లాసులో వాళ్ళకి ఒక పని ఇచ్చాం: ఇందులో ఏది రికార్డు, ఏది జనం చెప్పుకునే కథ, ఏది రెండింటి మధ్య నలిగింది, మూడు వరుసల్లో రాసుకురావాలి. మీరు సాయం చెయ్యకండి, దయచేసి. పోయినసారి ప్రాజెక్టు పనిలో చేతిరాత నాన్నగారిదో, అన్నయ్యదో ఇట్టే తెలిసిపోయింది.

చర్చిని 1660లో మళ్ళీ కట్టారు. పాత చర్చి నాటి 1599 రాయిని కొత్త గోడలో పెట్టారు. మనం చూసే భవనం మీద తర్వాత ఎన్నో మరమ్మతులు పడ్డాయి, కాబట్టి అది "నాలుగు వందల ఏళ్ళ నాటిది" అని ఎవరైనా అంటే పిల్లలు తల ఊపేయకూడదు. మెట్లెక్కి పైకి వెళ్తే "సుఖప్రయాణ మాత" అని పిలిచే మేరీమాత విగ్రహం, ముందు కొవ్వొత్తుల వరస, వెనక్కి తిరిగితే హుగ్లీ. తుఫానులో చిక్కిన ఒక కెప్టెన్ బతికి బయటపడి, మొక్కుగా తన ఓడ తెరచాప స్తంభాన్ని ఇచ్చాడని చెప్పుకుంటారు. ఓడవాళ్ళ మొక్కులు మన జాలర్ల గంగమ్మ మొక్కుల కన్నా వేరుగా ఏమీ ఉండవు. 1988లో పోప్ దీనికి బసిలికా (ప్రత్యేక గౌరవం ఉన్న చర్చి) హోదా ఇచ్చారు. మతం గురించి అడిగిన ఇద్దరు ముగ్గురికి నా జవాబు ఇదే: పిల్లలు ప్రార్థనకి వెళ్ళడం లేదు, చూడ్డానికి వెళ్తున్నారు. అదే రోజు, దగ్గర్లోనే ఉన్న హుగ్లీ ఇమామ్‌బాడాకీ (షియా ముస్లింలు మొహర్రం జరుపుకునే భవనం) వెళ్తాం. హాజీ ముహమ్మద్ మొహ్సిన్ దానమిచ్చిన ఆస్తితో 1841లో మొదలై 1861లో పూర్తయింది. దాని గడియార స్తంభం ఎక్కడానికి మోకాళ్ళలో సత్తువ కావాలి, టీచర్లకి నేను ముందే చెప్పాను.

పోర్చుగీసు తర్వాత ఏమైంది? ముట్టడి జరిగిన మరుసటి ఏడాదే కొందరు తిరిగొచ్చారు, కానీ పాత దర్జా రాలేదు. డచ్చివాళ్ళు పక్కనే చిన్సురాలో, ఫ్రెంచివాళ్ళు చందర్‌నగర్‌లో, డేన్లు సేరంపూర్‌లో దిగారు. ఇంగ్లీషువాళ్ళు 1651లో హుగ్లీలోనే కొట్టు పెట్టి, 1690లో వాళ్ళ కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ దిగువన సుతానుటికి (తర్వాత కలకత్తాలో కలిసిన పల్లె) మారడంతో కథ మలుపు తిరిగింది. పెద్ద ఓడలకి అక్కడ లోతు ఎక్కువ. కలకత్తా పెరిగినకొద్దీ హుగ్లీ చిన్నబోయింది. సాత్‌గావ్‌కి హుగ్లీ చేసిందే హుగ్లీకి కలకత్తా చేసింది. ఆ తర్వాత కలకత్తా రేవుకీ అదే పూడిక తిప్పలు, అందుకే ఇంకా దిగువన హల్దియా రేవు కట్టారు. మ్యాపులో ఈ నాలుగు చుక్కలూ పెట్టి చూస్తే రేవు నాలుగు వందల ఏళ్ళుగా సముద్రం వైపు జరుగుతూనే ఉంది.

ఇప్పుడు మన సొంత సబ్జెక్టు, రైలు. తూర్పు భారతంలో మొదటి ప్రయాణికుల రైలు 1854 ఆగస్టు 15న హౌరాలో బయల్దేరి వచ్చింది ఈ హుగ్లీకే. 24 మైళ్ళు, 91 నిమిషాలు. ఇంకా ముందే రావాల్సింది. కానీ బోగీలు తెస్తున్న ఓడ గుడ్విన్ గంగాసాగరం దగ్గర మునిగిపోయింది, ఇంజన్ తెస్తున్న ఓడ దారితప్పి ఆస్ట్రేలియా చేరింది. చివరికి బోగీలు కలకత్తాలోనే చేయించుకున్నారు. చందర్‌నగర్ ఫ్రెంచివాళ్ళ నేల కాబట్టి లైను వెయ్యడానికి వాళ్ళతో మాట్లాడుకోవడం ఇంకో ఆలస్యం. (యానాంలో చుట్టాలున్నవాళ్ళు పిల్లలకి ఈ ఫ్రెంచి సంగతి ఇంట్లో చెప్పండి, వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.)

బండేల్ నిజంగా జంక్షన్ అయింది 1887లో, జూబిలీ వంతెన తెరిచాక. విక్టోరియా రాణి యాభై ఏళ్ళ పాలన గుర్తుగా ఆ పేరు. హుగ్లీ దాటి నైహాటి వైపు రైలు పోవడంతో పడమటి బొగ్గూ ధాన్యమూ నేరుగా కలకత్తా రేవుకి చేరే దారి దొరికింది. తర్వాత కట్వా లైను కలిసింది. నది రెండు ఒడ్డులా జూట్ మిల్లులు లేచాయి, వాటిలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు తరతరాలు పనిచేశారు. టిటాగఢ్, రిష్రా వైపు చుట్టాలున్న ఇళ్ళు మన బడిలోనే కొన్ని ఉన్నాయి. జూబిలీ వంతెన 2016లో రిటైరయింది, పక్కనే సంప్రీతి వంతెన వచ్చింది. పిల్లల్ని నైహాటి లోకల్ ఎక్కించి నది దాటించి వెనక్కి తెస్తాం. పోటు వేళ అయితే గుర్రపు డెక్క ఎగువకి కొట్టుకుపోవడం కిటికీలోంచి కనిపిస్తుంది. సముద్రం ఇంత దూరం ఎలా వస్తుందో బోర్డు మీద ఎంత గీసినా అంత బాగా ఎక్కదు.

యార్డులో రాత్రులు గడిపానన్న నాన్నగారికి ఒక మాట. 2017లో మన ఖరగ్‌పూర్ స్టేషన్‌లో 800 రూట్ల ఇంటర్‌లాకింగ్ (రైళ్ళు ఢీకొనకుండా సిగ్నళ్ళనీ పాయింట్లనీ కలిపి తాళం వేసే ఏర్పాటు) వచ్చినప్పుడు ప్రపంచంలోనే పెద్దదని ఎంత గొప్పగా చెప్పుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. 2022లో 1002 రూట్లతో ఆ పేరు ఎగరేసుకుపోయింది బండేలే. ఇదివరకు కేబిన్లలో లివర్లు లాగి పాయింట్లు మార్చిన పని ఇప్పుడు ఒక గదిలో మౌసుతో అవుతోంది. ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వరు, సరే. మీరు ఒక మధ్యాహ్నం మా బడికి వచ్చి, ఒక రూటు సెట్ చేస్తే మిగతావి ఎందుకు తాళం పడతాయో వాళ్ళకి చెప్తారా? చెయ్యనంటే ఊరుకోను.

తిండి విషయం అడిగిన అమ్మలకి: బండేల్ చీజ్ బండేల్‌లో కొనుక్కోవచ్చు అనుకోకండి. పేరు అక్కడిదే అయినా తయారీ తారకేశ్వర్, బిష్ణుపూర్ వైపు, అమ్మకం ఎక్కువగా కోల్‌కతా న్యూ మార్కెట్‌లో. అరచేతిలో ఇమిడే చిన్న బిళ్ళలు, తెల్లవి కొన్ని, పొగ పట్టించిన గోధుమరంగువి కొన్ని. విపరీతమైన ఉప్పు, రాత్రంతా నీళ్ళలో నానేసి తినాలి. స్టాఫ్ రూములో పంచితే సగం మంది మొహాలు చిట్లించారు, మిగతావాళ్ళు రెండోసారి చెయ్యి చాపారు. నేను రెండో జట్టు.

ప్రయాణం నవంబరు రెండో శనివారం. డిసెంబరులో చర్చి దగ్గర పిక్నిక్ జనం, ఆ రద్దీలో పిల్లల్ని లెక్కపెట్టుకోవడం నావల్ల కాదు. తెల్లవారుజామున మేదినీపూర్ లోకల్‌లో హౌరా, అక్కడ న్యూ కాంప్లెక్స్ నుంచి పాత ప్లాట్‌ఫారాల వైపు నడక, తర్వాత గంటసేపు బండేల్ లోకల్. స్టేషన్ బయట టోటోలు (బ్యాటరీ రిక్షాలు). హౌరాలో నడిచే ఆ పది నిమిషాలే నాకు అసలు టెన్షన్, అందుకే ప్రతి ఎనిమిది మందికి ఒక పెద్ద ఉండాలని నియమం పెట్టాం. తోడు రాగల తల్లిదండ్రులు పేర్లివ్వండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు. రెండు పూటల టిఫిన్, నీళ్ళ సీసా. పులిహోర పర్లేదు, సాంబారు వద్దు. సెల్‌ఫోన్లు టీచర్ల దగ్గర మాత్రమే.

సంతకం చేసిన అనుమతి కాగితం, డబ్బుతో పాటు ఈ నెలాఖరు లోపు క్లాస్ టీచర్‌కి చేరాలి. డబ్బు కట్టడం కష్టమైతే మొహమాటపడకుండా నాతో ఒక మాట చెప్పండి, పిల్లల చేత చెప్పించకండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని