అందరూ బాగానే ఉందంటున్నారా?

చిన్నా,

మొన్న ఫోన్లో అన్నావు కదా, మేనేజర్ అయిన దగ్గర్నుంచి ఒక్కడు కూడా ప్రాబ్లమ్ అని నా దగ్గరికి రాలేదమ్మా అని, నువ్వేమో సంతోషంగా చెప్పావు గానీ నాకు గుబులేసింది. ఫోన్లో చెప్తే మధ్యలోనే సర్లే అమ్మా అంటావు, అందుకే రాస్తున్నా.

నా ఉద్యోగం నీకు తెలిసిందే, పంటకోత ప్రయోగాలని చేలల్లో ఐదు మీటర్లకి ఐదు మీటర్లు కొలిచి తాడు కట్టి, అంతవరకే కోయించి, నూర్పించి, తూకం వేసి రాసుకోవడం. మన వైపు ఎకరానికి 35 బస్తాల వడ్లు పడితే బాగా పండినట్టే. 1958లో చైనాలో, గ్వాంగ్సీలోని హువాన్‌జియాంగ్ అనే చోట ఎంత పండిందన్నారో తెలుసా, మన లెక్కలోకి మారిస్తే ఎకరానికి 5000 బస్తాల పైమాటే! అక్కడి కమ్యూనిస్టు పార్టీ పేపర్లో కూడా వేశారు. వేరే చేలల్లో పైరంతా వేళ్లతో సహా పీకి తెచ్చి ఒక్క మడిలో కుక్కారంతే. ఇంకోచోట పిల్లల్ని వరి పైరు మీద నిలబెట్టి ఫొటోలు తీశారు, పంట అంత చిక్కగా ఉందని చూపించడానికి. అలా కుక్కితే గాలాడక కుళ్లిపోతుందని ఏ రైతుకి తెలీదు చెప్పు? అప్పట్లో చైనాని ఏలిన మావో కూడా రైతు కొడుకేగా. కానీ పక్క జిల్లావాడు వేలల్లో చెప్పాక నువ్వు ఉన్నదున్నట్టు చెప్తే పార్టీ మీద నమ్మకం లేనోడివని ముద్ర పడుద్ది. కొంప ముంచింది ఎక్కడంటే, ఆ కాగితం లెక్కల్ని బట్టే ప్రభుత్వం తన వాటా ధాన్యం పట్టుకుపోయింది, కొన్ని ఊళ్లలో విత్తనాలు కూడా మిగల్లేదు, పైగా 1959లో విదేశాలకి ఎగుమతి కూడా చేశారు.

ఆ ఏడాది జులైలో లూషాన్ కొండల మీద పెద్ద మీటింగ్ పెట్టారు. ఎందుకనుకున్నావ్, జరిగిన పొరపాట్లు సరిచేసుకుందామనే! రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ మావో పుట్టిన కౌంటీ వాడే, కొరియా యుద్ధంలో చైనా సైన్యాన్ని నడిపినోడు, అప్పటికే సొంత ప్రాంతం తిరిగి పరిస్థితి కళ్లారా చూసొచ్చాడు. అందరి ముందూ అనకుండా తను చూసిన పరిస్థితి చెప్తూ మావోకి మాత్రమే ఒక ఉత్తరం రాశాడు. మావో దాన్ని అచ్చు వేయించి మీటింగ్‌లో అందరికీ పంచిపెట్టాడు. పెంగ్ పదవి పోయింది, పెంగ్ చెప్పింది నిజమేనన్నవాళ్ల పదవులూ పోయాయి, ఆ తర్వాత ఇంక నోరెత్తినోడు లేడు, తగ్గించాల్సిన టార్గెట్లు మళ్లీ పెంచారు, కరువు 1961 దాకా సాగింది. చనిపోయింది కోటిన్నర మందని కొందరు, నాలుగు కోట్లు దాటారని కొందరు.

ఇలాంటివి విన్నప్పుడు అందరూ కిందివాళ్లనే భజనపరులని తిడతారు. నేను తిట్టను. పెంగ్‌కి ఏమైందో చూశాక పెళ్లాం పిల్లలున్నోడు ఏం చేస్తాడు?

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు వరండాలో ఫోన్ మాట్లాడుతుంటే విన్నాలే. పని పూర్తయ్యే డేట్ వెనక్కి పోతుందని మీ టీమ్‌లో ఎవరో చెప్పాడు, "ఇప్పుడా చెప్పేది, కాల్‌లో అందరి ముందూ చెప్పు ఎందుకు లేటైందో" అన్నావు. తర్వాత మాట్లాడిన ప్రతివాడూ ఆన్ ట్రాక్ సార్, ఆన్ ట్రాక్ సార్. వంటింట్లో అరిసెలు వత్తుతున్న నాకే అర్థమైంది, నీకు కాలేదు.

నా తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందని మెయిల్ పెట్టానన్నావు, లూషాన్‌లో కూడా చెప్పమనే పిలిచారు. మీటింగ్‌లో అంతా ఓకేనా అని అడక్కు, అవుననే అంటారు. ఈ వారం ఏది ఆగిపోయింది అని అడుగు. ఎవడైనా చెప్తే కోపమొచ్చినా సరే ముందు నీకేం కావాలి అని అడుగు, వాడి పేరు పెట్టి మీ పైవాళ్లకి మెయిల్ కొట్టకు. సంక్రాంతప్పటి ఆ అబ్బాయికి ఈ రోజే ఫోన్ చెయ్, పని గురించి కాదు, ఆ రోజు ఇంకా ఏదో చెప్పబోయాడు, నువ్వు వినకుండా పెట్టేశావు, అదేంటో కనుక్కో.

అరిసెలు ఇంకా ఉన్నాయి, కొరియర్ చేస్తా.

అమ్మ