దేవాలయ పరిరక్షణ సంఘం – వార్షిక నివేదిక

విచారణ (పారిష్) గురువులకు, సంఘ సభ్యులకు వందనములు.

ఈ సంవత్సరం మన శ్రమలో అధిక భాగం మన కతోలిక దేవాలయపు ఉత్తరపు గోడకే సరిపోయిందని ముందుగా మనవి చేస్తున్నాము. నడుము ఎత్తు వరకు చౌడెక్కిన ఆ గోడకు లోగడ సిమెంటు పూత వేయించడం, అది కొద్ది కాలానికే ఉబ్బి పెచ్చులుగా రాలిపోవడం అందరికీ తెలిసినదే. ఈసారి పూత తీయించి చూడగా లోపలి ఇటుక తడిసి, వేలితో గీకితే పొడి రాలుతోంది. గానుగ సున్నంతో కట్టిన గోడ నేలలోని తేమను పీల్చుకొని గాలికి వదిలివేస్తుంది. సిమెంటు ఆ దారిని మూసివేయడంతో తేమ వెంట వచ్చిన ఉప్పు ఇటుకలోనే పేరుకొని దానిని తినివేసింది. కనుక సిమెంటంతా చెక్కించి, నానిన సున్నాన్ని ఇసుకతో నూరించి, కరక్కాయ, బెల్లం ఊరిన నీటితో కలిపి పూత వేయించాము. ఈ పని తెలిసిన మేస్త్రీలు గుంటూరులో దొరకడమే గగనమైంది. పూత బీటలు వారకుండా తడి గోనెపట్టాలు కట్టి నిదానంగా ఆరనివ్వవలసి వచ్చినందున పని ఆలస్యమైందే తప్ప, ఎవరి అశ్రద్ధ వల్లనూ కాదు.

జ్ఞానస్నాన, వివాహ రిజిస్టర్లకు నకళ్లు తీయించడం మొదలైంది. పాత పుటలు లాటిన్‌లో ఉన్నందున పని మందకొడిగా సాగుతోంది. పైగా ఇంగ్లండుకు చెందిన మిషనరీ సంఘమైన మిల్ హిల్ గురువులు 1875లో మద్రాసు మిషన్‌కు రావడం, 1928లో నెల్లూరు, దానినుంచి 1940లో గుంటూరు మేత్రాసనాలు (బిషప్పుల పాలనా ప్రాంతాలు) ఏర్పడడం వల్ల, మన ప్రాంతపు విచారణల పాత ఉత్తరప్రత్యుత్తరాలను ఒకే ఊళ్లో వెతికితే చాలదు. మద్రాసు, నెల్లూరులలో కూడా విచారించాలి.

వెనుక గోడను ఆనుకొని ఉన్న పాత పూజాపీఠాన్ని తొలగిస్తే స్థలం కలిసివస్తుందని కొందరు సభ్యులు సూచించారు. 1962–65 నాటి రెండవ వాటికన్ మహాసభకు (ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశానికి) ముందు గురువులు ప్రజలతో పాటు పీఠంవైపే తిరిగి లాటిన్‌లో పూజ చేసేవారు. ఇప్పుడున్న ముందు పీఠం, గురువు ప్రజలవైపు తిరిగి పూజ చేసేలా ఆ తరువాత వచ్చిన మార్పు ఫలితం. రెండూ కనబడుతున్నందువల్లనే ఈ చరిత్ర పిల్లలకు చూపి చెప్పగలుగుతున్నాము. కనుక తొలగింపునకు కార్యవర్గం అంగీకరించలేదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాము. వచ్చే వర్షాలలోపు పైకప్పులో పగిలిన మంగళూరు పెంకులు మార్పించి, చెద పట్టిన రెండు వాసాలను టేకుతోనే వేయించడానికి సభ అనుమతి కోరుతున్నాము.