పాత స్ప్లెండర్ చైన్ సెట్టు గురించి అమ్మాయికి రాసిన ఉత్తరం

తణుకు

చిరంజీవి మాధవికి నాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నిన్న ఫోనులో నువ్వు చెప్పిన సంగతి గురించి వివరంగా రాస్తున్నాను. ఫోనులో మాట్లాడితే సగం మాటలు గాలికి పోతాయి. కాగితం మీద ఉంటే బండి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూసుకోవచ్చు. ఎక్సలేటర్ ఇచ్చినా వదిలినా కింద టక్కుమని దెబ్బ వినిపిస్తోందని, రెండో గేరులో నెమ్మదిగా పోతుంటే బండి కుదుపుతోందని, చైన్ కవర్ లోపల ఇనుము రాసుకుంటున్న చప్పుడు వస్తోందని అన్నావు. అక్కడ పాడేరులో మెకానిక్ రెండు లింకులు తీసేసి బిగిస్తే ఇంకొన్ని నెలలు నడుస్తుందన్నాడనీ చెప్పావు. ఆ పని మాత్రం చేయించవద్దమ్మా. చైన్, ఇంజను దగ్గరి పళ్ళ చక్రం (ముందు స్ప్రాకెట్), వెనక చక్రానికి ఉన్న పళ్ళ చక్రం (వెనక స్ప్రాకెట్) మూడూ కలిపి ఒకేసారి మార్చాలి. ఎందుకో తెలిస్తే రేపు ఏ ఊళ్ళో ఏ మెకానిక్ ఏమన్నా నీ అంతట నువ్వే నిర్ణయించుకోగలవు.

చైన్ పొడవు పెరగడానికి కారణం పక్క రేకులు సాగిపోవడం కాదు. ప్రతి లింకులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ బుష్ అనే చిన్న గొట్టం, ఆ బుష్ మీద తిరిగే రోలర్ ఉంటాయి. స్ప్రాకెట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు లింకు మడత పడిన ప్రతిసారీ పిన్ను బుష్‌లో తిరుగుతుంది. అక్కడ నూనె లేకపోతే, దుమ్ము చేరితే, ఆ రెండూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. ఒక్కో పిన్ను దగ్గర మిల్లీమీటరులో పదో వంతు అరిగినా చాలు, నూరు పైచిలుకు లింకులు కలిసేసరికి చైన్ ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు లింకులు తీసేస్తే మొత్తం పొడవు తగ్గుతుందే గాని, మిగిలిన ప్రతి లింకులోనూ పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం పెరిగినది పెరిగినట్టే ఉంటుంది. స్ప్రాకెట్ పళ్ళ మధ్య దూరంతో ఆ దూరం కలవదు. అప్పుడు బరువంతా చాలా పళ్ళ మీద సమానంగా పడకుండా ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది, రోలర్లు పంటి అడుగున కూర్చోకుండా పైకి ఎక్కుతూ ఉంటాయి. నీకు వినిపిస్తున్న చప్పుడు చాలావరకు అదే.

అందుకే అరిగిన స్ప్రాకెట్ల మీద కొత్త చైన్ ఒక్కటే వేయడం కూడా డబ్బు పారేసుకోవడమే. పాత చైన్ తన కొలతకు తగ్గట్టు పళ్ళను అరగదీసి పెట్టింది. కొత్త చైన్ వచ్చి ఆ పళ్ళ మీద కూర్చుంటే సరైన చోట కూర్చోదు, వేయవలసినన్ని కిలోమీటర్లు వేయకుండానే అది కూడా పాతదాని దారిన పోతుంది. ముందు స్ప్రాకెట్‌కు పళ్ళు వెనకదాని పళ్ళలో దాదాపు మూడో వంతే ఉంటాయి కనుక, దాని ఒక్కో పన్ను మూడింతలు ఎక్కువగా పనిచేసి ముందే అరుగుతుంది. అయినా అది కవర్ వెనక దాగి ఉండడం వల్ల చాలామంది వెనక స్ప్రాకెట్‌ను చూసి బాగానే ఉందనుకుంటారు.

ముందుగా అరుగుదల ఎంతో నువ్వే చూడు. మన స్ప్లెండర్‌కు చైన్ చుట్టూ పూర్తి కవర్ ఉండడం వల్ల చైన్‌కు దుమ్ము తక్కువ తగులుతుంది, కానీ దాని పరిస్థితి కూడా కంటికి కనబడదు. బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి, ఇంజను ఆపి, తాళం చెవి తీసి నీ దగ్గర పెట్టుకుని, ఆ తరువాతే కవర్ బోల్టులు విప్పు. ఇంజను ఆన్‌లో ఉంచి గేరు వేసి చక్రం తిప్పుతూ చైన్ తుడిచేవాళ్ళను అక్కడా ఇక్కడా చూస్తావు. చైనుకూ స్ప్రాకెట్‌కూ మధ్య గుడ్డ ఇరుక్కుంటే వేళ్ళు కూడా దానితోనే పోతాయి. దయచేసి ఆ పని ఎన్నడూ చేయవద్దు. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి.

పాత బురద, నల్లటి జిడ్డు డీజిల్‌తో తడిపిన బ్రష్‌తో పోగొట్టి ఆరనివ్వు. తరువాత చైన్‌ను బిగువుగా ఉంచి, ఒక పిన్ను మధ్య నుంచి ఇరవయ్యో లింకు చివరి పిన్ను మధ్య వరకు స్కేలుతో కొలువు. మన బండి చైన్ 428 సైజు, పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. కొత్తదైతే 20 లింకులు 254 మిల్లీమీటర్లు ఉంటాయి. అది 259 దగ్గరికి వచ్చిందంటే రెండు శాతం పెరిగినట్టు, ఇక ఆ చైన్ పని అయిపోయినట్టే లెక్క. ఒకచోట కొలిచి ఊరుకోకుండా రెండు మూడు చోట్ల కొలువు, ఎందుకంటే చైన్ అంతటా ఒకే తీరుగా అరగదు. స్కేలు దొరకకపోతే వెనక స్ప్రాకెట్ వెనక అంచున చైన్‌ను వేళ్ళతో పట్టి వెనక్కి లాగి చూడు. పన్ను సగం బయటపడేంతగా చైన్ లేచి వస్తే కొలతతో పని లేదు.

ఇక ముందు స్ప్రాకెట్. ఎడమవైపు చిన్న కవర్ తీస్తే లోపల చైన్ ఆయిల్, దుమ్ము కలిసి గట్టిపడిన ముద్ద ఉంటుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకి తీయాలి. కొత్త స్ప్రాకెట్‌లో పంటికి రెండు వైపులా ఒకే వంపు ఉంటుంది. అరిగిన దానిలో పన్ను కొడవలి కొసలాగా ఒక వైపుకు వాలి, కొన సన్నబడి ఉంటుంది. ఇంకొకటి కూడా చూడాలి. ఆ స్ప్రాకెట్ గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు గాడుల మీద కూర్చుని, రెండు చిన్న బోల్టులు ఉన్న ప్లేటుతో ఆగి ఉంటుంది. చైన్ తీసేశాక స్ప్రాకెట్‌ను పట్టి అటూ ఇటూ తిప్పి చూడు, కొద్దిపాటి కదలిక సహజమే. బాగా కదులుతూ టకటకలాడితే గాడులు అరిగాయేమో చూడమని మెకానిక్‌ను అడుగు. షాఫ్టు గాడులు పోతే ఇంజను విప్పవలసి వస్తుంది కనుక ఆ ప్లేటు బోల్టులు వదులు కాకుండా చూసుకోవడం చిన్న విషయం కాదు. దాని వెనక ఆయిల్ సీలు తడిగా ఉందేమో కూడా గమనించు. చైన్ మితిమీరి బిగించి నడిపిన బండ్లలో బేరింగు మీదా సీలు మీదా భారం పడి అక్కడ ఆయిల్ కారడం మొదలవుతుంది.

నువ్వు వారానికోసారి మాడుగుల వైపు ఘాట్ దిగి ఎక్కుతున్నావు కనుక ఒక మాట చెప్పాలి. ఎక్కేటప్పుడు ఇంజను చైన్ పై వరసను లాగుతుంది, పళ్ళ ఒక ముఖం మీద బరువు పడుతుంది. దిగేటప్పుడు ఎక్సలేటర్ వదిలి గేరులోనే దిగుతాం కనుక చక్రమే ఇంజనును తిప్పుతుంది, అప్పుడు కింది వరస బిగిసి పళ్ళ రెండో ముఖం మీద బరువు పడుతుంది. ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు మధ్య ఈ మార్పు మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. వదులు చైన్ ప్రతిసారీ ముందు ఆ వదులంతా లాక్కుని తరువాత దెబ్బతో బిగుస్తుంది. ఆ దెబ్బను తట్టుకోవడానికే వెనక హబ్బులో రబ్బర్లు పెట్టారు. అవి గట్టిబడి నలిగిపోతే చైన్ కొత్తదైనా టక్కుమనడం ఆగదు. చక్రాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని రెండో చేత్తో స్ప్రాకెట్‌ను ముందుకూ వెనక్కూ తిప్పి చూడు, తేలికగా ఆడితే రబ్బర్లు కూడా మార్చమను. సైకిలు ట్యూబు ముక్కలు కత్తిరించి ఆ సందుల్లో కుక్కి పంపేవాళ్ళున్నారు. దారిలో ఇల్లు చేరడానికి అది పనికొస్తుంది, తరువాత అసలు రబ్బర్లు వేయించవలసిందే.

స్ప్లెండర్ 1994లో మొదట వచ్చిన బండి. ఆ 97.2 సీసీ ఇంజను ఇప్పటికీ తయారవుతోంది కనుక భాగాలకు కొదవ లేదు, పాడేరులో దొరకకపోయినా చోడవరంలో దొరుకుతాయి. కంపెనీ వారి సెట్టు గాని, కోయంబత్తూరు రోలన్ గాని, డైమండ్ గాని తీసుకో. ఊరూ పేరూ లేని సెట్టు చవకగా ఇస్తానంటే ఒద్దను. మెత్తటి ఇనుముతో చేసిన స్ప్రాకెట్ వర్షాకాలం ఒక్కటి దాటేసరికి పళ్ళు కోల్పోతుంది. ఒకే పేరుతో చాలా మోడళ్ళు వచ్చాయి కనుక పాత స్ప్రాకెట్ల పళ్ళు, చైన్ లింకులు లెక్కపెట్టి కాగితం మీద రాసుకుని వెళ్ళు. పళ్ళ సంఖ్య మార్చి మైలేజీ పెంచుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ ఘాట్‌లో మనిషి బరువు, సంచుల బరువు మోసే బండికి కంపెనీ ఇచ్చిన లెక్కే మంచిది.

బిగించేటప్పుడు నువ్వు దగ్గరుండాలి. చైన్ రెండు కొసలనూ కలిపే లాక్ క్లిప్పుకు మూసి ఉన్న వైపు చైన్ పోయే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే ఎక్కడైనా తగిలి ఊడిపోయే ప్రమాదం ఉంది. వదులు చూసేది కింది వరస మధ్యలో, మెయిన్ స్టాండు మీద. వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం సుమారు ఒక అంగుళం, అంటే 25 మిల్లీమీటర్ల కదలిక ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట ఆ అంగుళం ఉండేటట్టు పెట్టించు. బిగువుగా ఉంటే బాగుంటుందని అనుకోవద్దు. మనిషి ఎక్కి కూర్చుని గుంతలో పడినప్పుడు వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం (స్వింగ్ ఆర్మ్) పైకి లేచి రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం పెరుగుతుంది, అప్పుడు ఇవ్వడానికి చైన్ దగ్గర ఏమీ లేకపోతే బేరింగులు దెబ్బతింటాయి.

చక్రం తిన్నగా ఉందా లేదా అన్నది స్వింగ్ ఆర్మ్ మీది గీతలు చూసి సరిపెట్టేస్తారు. ఇంత పాత బండిలో ఆ గీతలను పూర్తిగా నమ్మలేము. మన బండికి ముందూ వెనకా టైర్లు రెండూ 2.75 సైజువే కావడం వల్ల ఒక సులువు ఉంది. వెనక టైరు పక్కకు ఆనించి ఒక దారాన్ని ముందు టైరు వరకు బిగువుగా లాగి, హ్యాండిల్ తిన్నగా ఉంచి చూస్తే, దారం రెండు టైర్లనూ ఒకే తీరుగా తాకాలి. రెండో వైపు నుంచి కూడా అలాగే ఉండాలి. వంకర ఉంటే వెనక స్ప్రాకెట్ పళ్ళ పక్క భాగం ఒక వైపే మెరుస్తూ అరుగుతుంది. నీ పాత స్ప్రాకెట్ మీద అలాంటి మెరుపు ఉందేమో విప్పగానే చూడు.

ఎక్కేటప్పుడు ఇంజను శబ్దం పెరుగుతుంది గాని బండి లాగడం లేదని కూడా ఒకసారి అన్నావు. అది చైన్ వల్ల కాదు, క్లచ్ జారడం వల్ల కావచ్చు. వెంటనే ప్లేట్లు మార్చమనకుండా, ముందు క్లచ్ లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉందో లేదో చూడు, అది లేకుండా కేబుల్ బిగిస్తే మంచి ప్లేట్లు కూడా జారుతాయి. తరువాత ఆయిల్ చూడు. ఈ క్లచ్ ఇంజను ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తుంది కనుక కారు ఆయిల్ పోయకూడదు, ఇలా ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు తగినదని తెలిపే జాసో ఎంఏ (JASO MA) గుర్తు డబ్బా మీద ఉన్నదే పోయాలి. ఈ రెండూ సరిగ్గా ఉన్నా జారుతుంటే అప్పుడు కుడివైపు కవర్ విప్పించి ప్లేట్లు, స్ప్రింగులు చూపించు. ఇనుప ప్లేట్లు నీలంగా మారి ఉంటే వేడికి మాడినట్టు. కవర్ ఎలాగూ తీస్తారు కనుక పక్కనే ఉన్న, ఆయిల్‌లోని మురికిని వేరుచేసే ఆయిల్ రోటర్‌లో పేరుకున్న మడ్డిని కూడా శుభ్రం చేయమని అడుగు. గేరు దానంతట అదే జారిపోతుంటే మాత్రం అక్కడ విప్పించవద్దు, నాకు చెప్పు. అది ఇంజను రెండుగా విప్పే పని, ఇక్కడ నా ఎదుట చేయిద్దాం.

కొత్త సెట్టుకు ప్రతి 500 కిలోమీటర్లకు ఒకసారి, వానల్లో ఇంకా ముందే, 90 నంబరు గేర్ ఆయిల్ వేయాలి. బండి నడిపి వచ్చాక చైన్ వెచ్చగా ఉన్నప్పుడు కింది వరస లోపలి వైపు, రేకుల సందుల్లోకి చుక్కలు చుక్కలుగా పోసి, చక్రం తిప్పి, కాసేపాగి పైన మిగిలినది గుడ్డతో తుడిచేయి. గ్రీజు పూయవద్దు, అది పిన్ను దాకా చేరదు, పైపెచ్చు మట్టిని పట్టుకుంటుంది. మొదటి 500 కిలోమీటర్లలో కొత్త చైన్ సర్దుకుని కొంత వదులవుతుంది, అప్పుడు ఒకసారి సరిచేయించు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం. పాత చైన్ పెరిగినకొద్దీ వెనక చక్రాన్ని వెనక్కి జరుపుతూ వచ్చారు. కొత్త చైన్ పొడవు తక్కువ కనుక చక్రం మళ్ళీ ముందుకు వస్తుంది, దానితో వెనక బ్రేక్ రాడ్ వదులై పెడల్ బాగా కిందికి పోతుంది. షెడ్డులోంచి బండి కదిలించే ముందే రాడ్ చివరి నట్టు తిప్పి పెడల్‌కు ఒక అంగుళం వదులు మాత్రమే ఉండేటట్టు పెట్టించి, చక్రం స్వేచ్ఛగా తిరుగుతోందని చేత్తో తిప్పి చూసి, బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో చూసి, యాక్సిల్ నట్టు గట్టిగా బిగించారని నీ కళ్ళతో చూసి, అప్పుడు బయలుదేరు. ఊళ్ళో చదును రోడ్డు మీద రెండు మూడు సార్లు బ్రేక్ వేసి చూశాకే ఘాట్ వైపు వెళ్ళమ్మా.

తీసేసిన చైన్, స్ప్రాకెట్లు అక్కడ వదిలేయకుండా ఒక గోనెసంచిలో చుట్టి దసరాకు వచ్చేటప్పుడు తీసుకురా. ఏ వైపు ఎలా అరిగాయో చూస్తే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, చక్రం బేరింగులు కూడా మార్చాలో లేదో ఇక్కడ తేల్చుకుందాం. అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మీ నాన్న