కేకలు వేసే ఓనరు, నవ్వుతూ మాట్లాడే మేనేజరు

సంపాదకులకు,

సిబ్బందితో పని చేయించే పద్ధతుల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. కఠినంగా ఉండేవారు పాతకాలపు అధికారులని, మృదువుగా ఉండేవారు కొత్తకాలపు వారని అందులో తేల్చేశారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులోను, తర్వాత ఒక పెద్ద సర్వీసు సెంటరులోను ఫోర్‌మన్‌గా పనిచేసిన నాకు ఆ లెక్క కుదరలేదు.

షెడ్డు ఓనరుది మంచి నోరు కాదు. పొద్దున్నే వచ్చి వెల్డింగు జరిగేచోటే స్టూలు వేసుకుని కూర్చునేవారు. తిట్లు సాయంత్రం దాకా సాగేవి. ఒకసారి బండికి రంగులు కూడా వేసేశాక, హెల్పరు కుర్రవాడు కింది బీముకు వెల్డింగు సరిగా పట్టలేదని చెప్పాడు. ఓనరు షెడ్డు దద్దరిల్లేలా అరిచారు. అరుస్తూనే బండిని ఆపించి, అతుకు కోయించి మళ్ళీ వేయించారు. ఆలస్యం తనదేనని లారీ యజమానికి తానే ఫోను చేసి చెప్పారు. కుర్రవాడికి ఆ రాత్రి బిర్యానీ కూడా దక్కింది, అది వేరే సంగతి.

సర్వీసు సెంటరు మేనేజరు అందరినీ ‘గారు’ అనే పిలిచేవారు. పుట్టినరోజులకు కేకు కోయించేవారు. అయితే గోడమీద ఒక బోర్డు ఉండేది: ఇవాళ ఇవ్వాల్సిన బళ్ళు, ఇచ్చినవి, ఆలస్యం ఎవరి వల్ల. ఎయిర్ బ్రేకు పైపు జాయింటు మీద సబ్బునీళ్ళు పోస్తే బుడగలు వస్తున్నాయని, అంటే గాలి లీకవుతోందని మెకానిక్కు తెలుసు. విప్పితే సాయంత్రం లెక్క తప్పుతుంది, బోర్డు మీద తన పేరు పడుతుంది. జాబ్ కార్డులో టిక్కు పెట్టేశాడు. గాలి తగ్గి వెనక బ్రేకులు పట్టేయడంతో ఆ లారీ గొల్లపూడి దగ్గర నడిరోడ్డు మీద నిలిచిపోయింది. అప్పుడు కూడా ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. బోర్డు మీద మాత్రం ఇంకో గడి పెరిగింది.

మనుషులు పని ఎగ్గొట్టాలనే చూస్తారన్న నమ్మకానికి ‘ఎక్స్’ అని, అవకాశమిస్తే బాధ్యత తీసుకుంటారన్న నమ్మకానికి ‘వై’ అని 1960లో అమెరికా మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ డగ్లస్ మెక్‌గ్రెగర్ పేర్లు పెట్టారు. మా ఓనరుది మాట ఎక్స్, చేత వై. మేనేజరుది మాట వై, బోర్డు ఎక్స్. లోపం చెప్పినవాడికి ఏం జరుగుతుందో చూడకుండా గొంతు మాత్రమే విని మంచి అధికారో కాదో తేల్చడం నాకు నచ్చదు.

టయోటా కర్మాగారాల్లో లోపం కనబడితే మామూలు కార్మికుడే లైను పక్కనున్న హెచ్చరిక తాడు లాగుతాడు, లేదా బటన్ నొక్కుతాడు. లీడరు వచ్చి చూస్తాడు. అనుకున్న వ్యవధిలో సరికాకపోతే లైను ఆగిపోతుంది. అలా లోపం చెప్పడం అక్కడ పనిలో భాగం.

మన ఐటీఐలలో ఫిట్టరు, వెల్డరు, డీజిల్ మెకానిక్కు పనులు నేర్పుతున్నారు. ఆ పిల్లలపై అజమాయిషీ చేసే సూపర్‌వైజర్లకు కూడా సర్వీసు సెంటర్ల వారు కొంత శిక్షణ ఇప్పించాలి. అందాకా కనీసం బోర్డు మీద ‘ఎవరి వల్ల’ అన్న గడిని చెరిపి ‘ఏ లోపం వల్ల’ అని రాయించమని కోరుతున్నాను.

ఒక రిటైర్డ్ ఫోర్‌మన్,
పటమట, విజయవాడ