తెరచాప పడవకు తెడ్లు కూడా ఉండాలి

సంపాదకులకు,

నమస్కారం. ఏటా వానాకాలంలో హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవల పందేలు జరిగినప్పుడు ఎవరికి ఏ పతకం వచ్చిందో పత్రికల్లో చదువుతాం. ఆ పడవలు క్షేమంగా ఒడ్డు చేరడానికి కావలసిన చిన్న సామాన్ల గురించి మాత్రం ఎక్కడా రాయరు. వాటిలో మొదటిది రోలాక్. తెడ్డును పట్టి ఉంచే యు ఆకారపు లోహపు ముక్కే రోలాక్, దాని కాడ దిగే గుంట సాకెట్. నేవీ ఎన్‌సీసీ వాళ్లు దీన్నే క్రచ్ అంటారు.

డింగీలకూ (అంటే చిన్న తెరచాప పడవలకూ) పత్రికలకూ పాత చుట్టరికమే ఉంది. 1956లో పడవల రూపకర్త జాక్ హోల్ట్ గీసిన ఎంటర్‌ప్రైజ్ డింగీని జనంలోకి తెచ్చింది న్యూస్ క్రానికల్ అనే బ్రిటిష్ పత్రిక. 1963లో అదే హోల్ట్, టీవీలో ఇంటి మరమ్మతులు చూపించే బారీ బక్‌నెల్‌తో కలిసి చేసిన చిన్న డింగీకి డైలీ మిర్రర్ పత్రిక పేరే పెట్టారు. మిర్రర్‌ను మొదటి నుంచీ తెరచాపకూ తెడ్లకూ పనికొచ్చేలా కట్టారు. మన దగ్గర శిక్షణలో ఎక్కువగా కనిపించే ఎంటర్‌ప్రైజ్‌లలో చాలావాటికి రోలాక్‌లు ఉండవు. ఒక చేతి తెడ్డు పడేసుకుని బయల్దేరుతారు. అయిదడుగుల పైన వెడల్పున్న పడవను ఒక్క చేతి తెడ్డుతో ఎదురుగాలిలో నడపడం దాదాపు కాని పని. ముక్కు గాలికి కొట్టుకుపోతూనే ఉంటుంది. విశాఖ, కాకినాడ తీరాల్లో ఇది ఇంకా ప్రమాదం. సాయంత్రం సముద్రపు గాలి ఆగిపోతుంది, ఆ తర్వాత నేల మీది నుంచి సముద్రం వైపు గాలి మొదలవుతుంది. ఆ మధ్య వేళ నీళ్ల మీద చిక్కుకున్న పడవను ఒడ్డుకు చేర్చేవి తెడ్లే.

రోలాక్ ఎక్కడ బిగించాలన్నదే అసలు ప్రశ్న. తెడ్లు వేసేవాడు పడవ వెనక భాగానికి ముఖం పెట్టి అడ్డబల్ల మీద కూర్చుంటాడు. ఆ బల్లకు చుక్కాని వైపున్న అంచు నుంచి ఇంకా చుక్కాని వైపుకే 12 అంగుళాల దూరంలో సాకెట్ మధ్యభాగం రావాలి. దీన్ని తిరగేసి ముక్కు వైపు బిగించిన పడవలూ ఉన్నాయి; వాటిలో పిడి వీపు వెనక్కి పోతుంది, లాగడానికి చోటే ఉండదు. దూరం మరీ తగ్గితే పిడి పొట్టకు కొట్టుకుంటుంది, పెరిగితే చేతులు చాలవు. ఎత్తు కూర్చునే బల్ల కంటే 7 నుంచి 9 అంగుళాలు ఉండాలి. అంతకంటే తక్కువైతే తెడ్డు ఆకును నీళ్లలోంచి పైకి తీసినప్పుడల్లా పిడి తొడలకు తగులుతుంది. పడవ అంచు వెంబడి ఉండే పక్క డెక్ ఎత్తు చాలకపోతే సాకెట్ కింద టేకు దిమ్మె వేసి తేడా పూడ్చాలి.

కొలత సరిపోయిందనుకున్నా వెంటనే డ్రిల్ పట్టుకోవద్దు. సాకెట్‌ను ఒక చెక్కముక్కకు బిగించి, ఆ చెక్కను జీ క్లాంప్‌లతో డెక్ అంచుకు పట్టించి, నీళ్ల మీద పావుగంట తెడ్లు వేసి చూడాలి. మనిషి ఎత్తును బట్టి అంగుళం ముందుకో వెనక్కో జరపాల్సి వస్తుంది. డెక్‌లో పడిన తప్పు రంధ్రం కంటే ఆ పావుగంట ఎంతో చవక.

సాకెట్ వీలైనంత బయటి అంచున ఉంటే మంచిది. తెడ్డుకు లోపలి పొడవు దొరుకుతుంది, గాలిలో వంగి కూర్చునేవాళ్ల తొడలకు అడ్డం రాదు. డెక్‌తో సమానంగా దిగిపోయే రకం సాకెట్ తీసుకోవాలి. పైకి పొడుచుకొచ్చే రకం అయితే జిబ్ (ముందు వైపు చిన్న తెరచాప) తాడు దానికే చుట్టుకుంటుంది. రోలాక్ కాడ కింది చివర చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి 3 మిల్లీమీటర్ల తాడు దూర్చి పడవకు కట్టాలి. కట్టని రోలాక్ ఎప్పుడో ఒకప్పుడు నీళ్లపాలే.

ఎక్కువగా చెడేది బిగింపు దగ్గర. పలచటి ప్లైవుడ్‌లోకి నాలుగు స్క్రూలు దించి పనైపోయిందనుకుంటారు. తెడ్డు లాగినప్పుడు ఒకవైపు, తిరిగి తెచ్చేటప్పుడు రెండోవైపు, ఇలా వందల సార్లు సాకెట్ అటూ ఇటూ ఊగుతుంది. స్క్రూ చుట్టూ చెక్క నలిగి, రంధ్రం వదులై, అందులోకి నీరు దిగి ప్లై కుళ్లుతుంది. గట్టిగా లాగాల్సి వచ్చిన రోజునే అది ఊడి చేతికొస్తుంది. అందుకని స్క్రూలు కాదు, డెక్ అవతలి దాకా దిగే బోల్టులు వాడాలి. 316 రకం స్టెయిన్‌లెస్ ఎం6 బోల్టులు, కింద 9 నుంచి 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై ముక్క, దాని మీద పెద్ద వాషర్లు. ఆ ప్లై ముక్క సాకెట్ కంటే అన్ని వైపులా కనీసం రెండంగుళాలు పెద్దదిగా ఉండాలి. చెక్క డెక్‌లో మొదట 10 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, కింద టేపు అంటించి, చిక్కగా కలిపిన ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో) పూడ్చి, గట్టిపడ్డాక దాని నడిమధ్య 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. అప్పుడు నీరు దిగకుండా సాకెట్ కింద పూసే సీలెంట్ ఎప్పుడైనా వదిలినా నీరు చెక్కకు తగలదు. మన ఎండల్లో ఎపాక్సీ గిన్నెలోనే వేడెక్కి గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా, వెడల్పాటి పళ్లెంలో కలుపుకోవాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అంటించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే ఏ జిగురూ నిలవదు.

సాకెట్ కింద పాలీసల్ఫైడ్ లేదా పాలీయురెథేన్ సీలెంట్ వేయాలి. బాత్రూమ్ సిలికాన్ వద్దు. దాని జిడ్డు మిగిలిన చోట తర్వాత రంగు గానీ జిగురు గానీ పట్టదు. మొదటి రోజు నట్టును చేత్తో బిగువయ్యేదాకానే తిప్పి, సీలెంట్ ఆరాక, బోల్టు తల కదలకుండా పట్టుకుని నట్టు ఒక్కటే ఇంకో పావు చుట్టు తిప్పాలి. మొదటే పూర్తిగా బిగిస్తే సీలెంట్ అంతా బయటికి పోతుంది.

ఫైబర్ పడవల్లో ఇంకో చిక్కు ఉంది. పక్క డెక్ కింద ఉండేది పడవ మునగకుండా కాపాడే మూసిన గాలి ట్యాంకు. దానికి రంధ్రం వేస్తే అవతల నట్టు పట్టడానికి చెయ్యి వెళ్లదు, పైగా ట్యాంకులోకి నీరు దారి చూసుకుంటుంది. దీనికి దారులు రెండు. 5 లేక 6 అంగుళాల తనిఖీ మూత బిగించి, దానిలోంచి చెయ్యి పెట్టి లోపల పని చేయాలి. లేదా ట్యాంకుకు రంధ్రం పడకుండా డెక్ మీదే టేకు దిమ్మెను ఎపాక్సీతో అంటించి, దాని మీదుగా నేసిన ఫైబర్ గుడ్డ కనీసం రెండు పొరలు వేసి, సాకెట్‌ను ఆ దిమ్మెకు బిగించాలి. ఇక్కడ తుంపు పోగులను బంకతో అతికించిన మామూలు చాప్డ్ మ్యాట్ వాడకూడదు. దాని పోగుల్ని పట్టి ఉంచే బంక మామూలుగా ఫైబర్ పడవలకు వాడే పాలియెస్టర్ రెసిన్‌లో కరుగుతుంది గానీ ఎపాక్సీలో కరగదు, మ్యాట్ సరిగా తడవదు. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పడుతుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్ మాత్రం నమ్మదగ్గది కాదు.

తెడ్ల పొడవుకు ఒక పాత లెక్క ఉంది. రెండు రోలాక్‌ల మధ్య దూరంలో సగానికి రెండంగుళాలు కలిపితే రోలాక్ లోపలి వైపు పొడవు వస్తుంది. దాన్ని 25తో హెచ్చించి 7తో భాగిస్తే మొత్తం పొడవు. మధ్య దూరం 54 అంగుళాలైతే లోపలి పొడవు 29, మొత్తం సుమారు 104 అంగుళాలు, అంటే ఎనిమిదడుగుల ఎనిమిది అంగుళాలు. అంత తెడ్డు డింగీ లోపల ఇమడదు. ఎనిమిదడుగుల దానితో సరిపెట్టుకుని 27 అంగుళాలు లోపల ఉంచితే రెండు పిడులూ పడవ నడుమ ఒకదానికొకటి తాకీతాకనట్టు వస్తాయి. అది చాలు. రోలాక్ ఒరుసుకునే చోట తెడ్డుకు ఎనిమిది తొమ్మిది అంగుళాల మేర తోలు చుట్టి కుట్టాలి, తెడ్డు బయటికి జారిపోకుండా పిడి వైపు మందపాటి తోలు పట్టీ ఒకటి వేయాలి. మేకులు కొడితే తెడ్డు అక్కడే విరుగుతుంది.

తెడ్లు వేసేటప్పుడు తెరచాప దించి, దాని కింది అంచును పట్టి ఉంచే కర్రను, అంటే బూమ్‌ను, పడవలో పడుకోబెట్టాలి. పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలకను, అంటే సెంటర్‌బోర్డ్‌ను, కొంచెం దించి ఉంచితే పడవ తిన్నగా పోతుంది. ఇంకో పడవ లాక్కెళుతుంటే మాత్రం ఆ పలకను పూర్తిగా ఎత్తేయాలి, లేకపోతే పడవ పక్కకు తిరిగి బోల్తా పడుతుంది. లాగే తాడును ముక్కు దగ్గరి చిన్న కొక్కేనికి కట్టవద్దు. తెరచాప స్తంభం మొదట్లో ఒక చుట్టు తిప్పి, బిగువులో ఉండగానే విప్పగలిగేలా కట్టుకోవాలి.

రోలాక్ పని పూర్తయ్యాక ఇంకో రెండు పనులు తప్పకుండా చేయమంటాను. చుక్కాని పైకి లేచి ఊడిపోకుండా దాని క్లిప్ బిగుతుగా ఉందో లేదో చూడాలి; బోల్తా పడ్డప్పుడు మొదట పోయేది చుక్కానే. తెరచాప స్తంభం కొసన గట్టి మూతతో ఖాళీ పది లీటర్ల డబ్బా కట్టాలి. పూర్తిగా మునిగినప్పుడు అది సుమారు పది కిలోల బరువును పైకి ఎత్తుతుంది, పడవ తలకిందులు కాకుండా పక్కకు పడుకునే ఉంటుంది. లోతు తక్కువున్న చెరువుల్లో స్తంభం బురదలో దిగబడకుండా ఆపేది కూడా ఇదే. పందెం పడవైతే ఆ క్లాసు (ఆ రకం పడవల) నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకోవాలి.

శిక్షణ ఇచ్చే క్లబ్బులకూ కళాశాలలకూ నా విన్నపం ఒక్కటే. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టినట్టే ప్రతి పడవలో రెండు తెడ్లు, తాళ్లు కట్టిన రెండు రోలాక్‌లు ఉన్నాయా అని కూడా లెక్కపెట్టండి. సీజన్ మొదలయ్యే ముందు ప్రతి పడవనూ తెరచాప దించేసి, గాలికి ఎదురుగా రెండు వందల మీటర్లు తెడ్లతో నడిపించి చూడండి. తిరిగొచ్చాక సాకెట్‌ను చేత్తో కదిపి, ఏమాత్రం ఊగినా ఆ పడవను ఒడ్డునే ఉంచండి.

ఇట్లు,
ఒక పడవ మరమ్మతు పనివాడు,
విశాఖపట్నం