వానలకు ముందే ఉస్మానియా పైకప్పు చూడండి

సంపాదకులకు,

ఉస్మానియా ఆస్పత్రి పాత భవనంలోకి 2020 జులైలో వాననీరు, మురుగు చేరాక రోగులను తరలించి తాళాలు వేశారు. గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. రోగులకు మంచి వార్డులు కావాలి, అందులో రెండో మాట లేదు. నా బెంగంతా అఫ్జల్‌గంజ్‌లో మిగిలిన పాత భవనం గురించే.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచేసిన తర్వాత, నది ఒడ్డును బాగుచేసే క్రమంలో వెలసిన కట్టడమిది. నమూనా గీసింది విన్సెంట్ ఎష్. అవతలి ఒడ్డున హైకోర్టు నిర్మాణంలోనూ ఆయన పాలుంది. వరదలో దాదాపు 150 మంది కొమ్మలు పట్టుకుని బతికిన చింతచెట్టు ఈ ఆవరణలోనే ఉంది. ఇంత చరిత్ర ఉన్న చోటు మన కళ్లెదుటే శిథిలమైపోతుంటే ఊరుకోవడం నావల్ల కావడం లేదు.

నేను పాత కట్టడాల మరమ్మతులు చేయించిన విశ్రాంత ఇంజనీరును. సున్నపు కట్టడానికి పైనుంచి దిగే నీరే పెద్ద శత్రువు. పిట్ట రెట్టతో పడిన రావి గింజ పిట్టగోడ సందులో మొలుస్తుంది. బయటికి జానెడు మొక్కే, లోపల వేరు రాళ్లను విడదీస్తూ పోతుంది. కొమ్మ నరికితే మళ్లీ చిగురిస్తుంది కాబట్టి వేరుతో సహా పెకలించి, ఆ సందును సున్నంతో పూడ్చాలి. సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని చుట్టూ ఉన్న పాత గచ్చు పెచ్చులుగా రాలుతుంది. సున్నం, ఇసుక గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలిపిన డంగు సున్నమే దీనికి సరైనది. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. నమ్మకం లేనివారు కుతుబ్‌షాహీ సమాధుల వద్ద జరిగిన పని చూసి రావచ్చు.

ఈ భవనాన్ని మ్యూజియం చేయాలా, వైద్య కళాశాలకు ఇవ్వాలా అన్న చర్చ ఏళ్లు సాగినా సాగవచ్చు. పైకప్పు అంతకాలం ఆగదు. మొక్కల వేర్లు తీయడం, పూడిన వాననీటి గొట్టాలు తెరవడం, పగిలిన చోట గచ్చు వేయడం ఈ వేసవిలోనే జరగాలి. ఆ బాధ్యత ఏ శాఖదో, ఏ తేదీకి పూర్తిచేస్తారో ప్రభుత్వం ప్రకటించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు, మలక్‌పేట, హైదరాబాద్